హ్యాండిలు మార్చాలంటే కేబులు ఒప్పుకోవాలి

ఈ నెల మా శీర్షికకు యూ టీ నుంచి ఒక చీటీ వచ్చింది. "డాక్టరుగారూ, ప్రతి నెలా షుగరు, బి.పి., పిల్లల జలుబూ అంటూ రాస్తున్నారు. బాగానే ఉంది. నాకొక మోటారుసైకిలు ఉంది. దాని హ్యాండిలు మార్పించాలని ఉంది. మా ఆవిడ ససేమిరా అంటోంది. ఆరోగ్యరీత్యా మార్చడం అవసరం అని మీరు ఒక్క ముక్క రాసిస్తే ఆమెకు చూపిస్తాను. ఇట్లు, మీ నిత్యపాఠకుడు."

సెలవు కోసం సర్టిఫికెట్టు అడిగినవాళ్ళను చూశాం. పెళ్ళివారికి చూపించడానికి అడిగినవాళ్ళనూ చూశాం. హ్యాండిలు కోసం అడగడం ఇదే మొదలు. రోగిని చూడకుండా చీటీ రాయడం మా పద్ధతి కాదు గనుక, రోగినీ, బండినీ, ముఖ్యంగా ఆ ఇల్లాలినీ చూడడానికి ఒక ఆదివారం యూ టీ వెళ్ళాం. ('మేము' అంటే ఎవరెవరండీ అని కిందటి నెల ఒక పాఠకురాలు అడిగారు. సంపాదకులకు చెల్లే బహువచనం డాక్టరుకు మాత్రం ఎందుకు చెల్లకూడదు?)

యూ టీ ఎక్కడుంది అని అడిగేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. చువా చూ కాంగ్ దాటాక, క్రాంజి రాకముందు. తియోచ్యూ భాషలో ఆ పేరుకు నూనె చెరువు అని అర్థం. జపానువాళ్ళు ఆక్రమించిన రోజుల్లో అక్కడ చమురు పీపాలు నిలవచేసేవారని చెబుతారు. ఒకప్పటి పల్లె. 1996లో రైలు స్టేషను వచ్చింది. ఇప్పుడు ఎటు చూసినా హెచ్.డి.బి. మేడలే. పక్కనే సుంగై కడూట్ కార్ఖానాలు, ఆ పైన ఉడ్‌లాండ్స్ దారి. తెల్లవారుజామున జొహోర్ నుంచి వంతెన దాటి వచ్చే మోటారుసైకిళ్ళ బారు చూస్తే, మన ఊళ్ళో తిరునాళ్ళకు పోయే బళ్ళు గుర్తుకొస్తాయి. బండి ఉన్నవాడికి మంచి పేట అది. పేరులోనే నూనె ఉంది.

మిత్రుడు ఇంజనీరు. ఉద్యోగం తువాస్‌లో. మనవాళ్ళలో ఒక చిత్రం ఉంది. ఊళ్ళో ఉన్నప్పుడు ఇంటి ముందు బుల్లెట్ నిలబడితే అదొక హోదా. ఇక్కడ అదే మనిషి రెండు చక్రాల మీద వస్తే, "పాపం, కారు కొనుక్కోలేదా?" అని జాలి. కారు మాట ఎత్తేవారికి సి.ఓ.ఇ. సంగతి మేము చెప్పనక్కర్లేదు. 1990లో మొదలైన ఆ కాగితం పదేళ్ళకే చెల్లుతుంది. కార్లకు దాని ధర 2023లో లక్ష డాలర్లు దాటింది. మోటారుసైకిళ్ళకు సైతం 2022లో పదివేలు దాటింది. లక్ష డాలర్ల కాగితం మీద కూర్చుని తువాస్ పోవడం కంటే పదివేల కాగితం మీద పోవడం తెలివైన పని అని మిత్రుడి వాదన. కాదనడానికి మాకు నోరు రాలేదు.

బండి హోండా ఫాంటమ్. థాయిలాండులో తయారైంది. 200 సి.సి. తరగతి, అంటే 2బి లైసెన్సుతో నడపవచ్చు. ముందుకు చాచిన ఫోర్కు, పల్లంగా సీటు. కాళ్ళు ముందుకు పెట్టుకుని, పడక కుర్చీలో కూర్చున్నట్టు పోయే వాటం. దీన్నే క్రూయిజరు అంటారు. మిత్రుడు కొన్నది సెకండ్‌హ్యాండు. ఇదివరకటి యజమాని సరదాపడి, కంపెనీ ఇచ్చిన ఎత్తు హ్యాండిలు తీయించి, గెడకర్రలాగా తిన్నగా, పొట్టిగా ఉండే డ్రాగ్ బారు పెట్టించుకున్నాడు. కేబుళ్ళు కూడా దానికి తగ్గట్టు పొట్టివి వేయించాడు. చూడడానికి సొంపుగానే ఉంది. మన మిత్రుడి చేతులు మాత్రం ఆ కర్ర అందుకోవడానికి పూర్తిగా చాచుకోవాలి. వీపు వంగి, ఒంటి బరువంతా అరచేతి మడమల మీద పడుతుంది.

చేతులు చూశాం. తిమ్మిరి ఏ వేళ్ళకు వస్తోందన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు రోగి సరిగ్గా చెబితే సగం వైద్యం అయినట్టే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మీడియన్ నరం. చిటికెనవేలు, ఉంగరపువేలిలో ఆ పక్క సగం అయితే అల్నార్ నరం. మీడియన్ నరం మణికట్టు ముందువైపున ఒక ఇరుకు సొరంగంలోంచి అరచేతిలోకి వస్తుంది. దానితోపాటు వేళ్ళను ముడిచే తొమ్మిది టెండన్లు ఆ సొరంగంలోంచే రావాలి. అల్నార్ నరానిది వేరే దారి. చిటికెనవేలి వైపు, 1861లో గయాన్ అనే ఫ్రెంచి సర్జను వర్ణించిన చిన్న కాలువ. పైన పెద్ద కండ ఏదీ లేదు. అరచేతి మడమ మీద బరువు వేసి గంటసేపు నొక్కితే నేరుగా దానికే తగులుతుంది. సైకిలు పందేలవాళ్ళకు ఈ జబ్బు ఉందని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు.

మిత్రుడికి చిటికెనవేలే. రెండు చేతులకూ. సాయంత్రం తువాస్ నుంచి ఇంటికి వచ్చేసరికి చొక్కా గుండీలు విప్పుకోవడం కష్టమవుతోందట.

ఇక్కడ పాఠకులకు ఒక మాట. తిమ్మిరి అనగానే హ్యాండిలుదే నేరం అనుకోవద్దు. షుగరు వల్ల వస్తుంది, థైరాయిడు వల్ల వస్తుంది, మెడ ఎముకలు అరిగితే వస్తుంది. మాంసం ముట్టనివాళ్ళకు బి12 తక్కువై కూడా వస్తుంది, మన ఇళ్ళల్లో ఇది అరుదు కాదు. షుగరు తిమ్మిరి మాత్రం మామూలుగా పాదాలతో మొదలవుతుంది. మిత్రుడికి ఈ పరీక్షలన్నీ చేయించాం. అన్నీ బాగానే ఉన్నాయి. పైగా సెలవు పెట్టి వారం రోజులు బండి ఎక్కకపోతే తిమ్మిరి తగ్గుతోంది. అప్పుడు గాని హ్యాండిలు మీద కేసు పెట్టలేదు మేము.

ఇక ఇల్లాలి వైపు వాదన. కాఫీ ఇచ్చి ఆమె అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "అన్నయ్యగారూ, మా అమ్మాయికి మొన్ననే పదేళ్ళు నిండాయి. ఇక వెనకాల ఎక్కించుకోవచ్చని ఈయన సంబరం. హ్యాండిలు మారిస్తే బండి ఇప్పటికంటే ప్రమాదమా, ఇప్పటికంటే నయమా? ఆ ఒక్కటి చెప్పండి." పదేళ్ళు నిండని పిల్లల్ని వెనక సీటు మీద ఎక్కించుకోకూడదని ఇక్కడి చట్టం. ఆ గడప దాటడమే తల్లికి దిగులైంది.

మంచి ప్రశ్న. దానికి జవాబు హ్యాండిలులో లేదు, కేబులులో ఉంది. ఈ నెల మేము రాయదలచుకున్నదంతా అదే.

కేబులు అంటే ఏమిటో మన చేతిలోనే చూడవచ్చు. ముంజేతిలో కండ ముడుచుకుంటే వేలు వంగుతుంది. మధ్యలో టెండను అనే తెల్లని తాడు ఉంది. ఆ తాడు ఊరికే వేలాడకుండా ఒక తొడుగులోంచి జారుతుంది. తొడుగు కదలకుండా ఉండాలి, తాడు జారాలి. మోటారుసైకిలు కేబులుదీ ఇదే వరస. లోపల ఉక్కు పోగుల తీగ, పైన స్ప్రింగులాగా చుట్టిన గట్టి తొడుగు. క్లచ్చి లీవరు నొక్కితే లోపలి తీగ లాగుతుంది. పైతొడుగు రెండు చివర్లా ఆనుకుని ఆ లాగుడుకు ఎదురు నిలబడుతుంది. ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన 1896లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అందుకే ఇప్పటికీ బౌడెన్ కేబులు అంటారు. సైకిలు బ్రేకు నుంచి విమానం దాకా దీన్ని వాడనిది లేదు. దేవుడు దీన్ని అంతకుముందే వేళ్ళలో వాడుకున్నాడు, పేటెంటు తీసుకోలేదు.

తీగ ఎంత ముఖ్యమో తొడుగూ అంతే ముఖ్యం అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. కేబులు పొట్టిదై, హ్యాండిలు తిప్పినప్పుడు తొడుగు బిగుసుకుని తన గూటిలోంచి జరిగిందనుకోండి, లోపలి తీగ లాగినట్టే లెక్క. ఎవరు లాగారు, చెయ్యి లాగిందా, హ్యాండిలు తిరగడం వల్ల లాగిందా అని అవతలి కొస అడగదు. కార్బురేటరు తెరుచుకుంటుంది. అంతే. కేబులు మరీ పొడుగైనా చిక్కే. ఎక్కడో మెలిపడి, వేడి ఇంజనుకు రాసుకుని, లోపలి తీగ జారడం మాని ఇరుక్కుంటుంది. చెయ్యి వదిలినా యాక్సిలరేటరు వెనక్కి రాదు. అందుకే చాలా బళ్ళకు యాక్సిలరేటరు కేబుళ్ళు రెండు ఉంటాయి. ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి.

గుంటూరులో హౌస్ సర్జన్లుగా ఉన్న రోజుల్లో రాత్రి క్యాజువాలిటీలో వినే మాట ఒకటి ఉండేది: "బండి దానంతటదే దూకిందండీ." తాగాడేమో అనుకునేవాళ్ళం. నిజంగానే కొందరు తాగేవారు. కేసు షీటులో బండి మీంచి పడ్డాడు అని రాసి కుట్లు వేసి పంపేవాళ్ళం. ఏ కేసు షీటులోనూ కేబులు అన్న మాట చదివిన గుర్తు లేదు. బండిని ఎవరూ పరీక్ష చేయరు గదా.

హ్యాండిలు ఎంపిక దగ్గర ఆలుమగలకు రాజీ కుదిరింది. క్రూయిజరు హ్యాండిళ్ళలో ఎన్నో రకాలు. భుజాల పైదాకా ఎగిసే ఏప్ హ్యాంగరు ఒకటి, కొమ్ముల్లాగా వెనక్కి తిరిగే బక్‌హార్ను ఒకటి, వెడల్పుగా చాచుకునే బీచ్ బారు ఒకటి. ఏప్ హ్యాంగరు మీద మా అభిప్రాయం దాచుకోం. చేతులు గుండె కంటే ఎత్తున గంటసేపు పెట్టుకుంటే భుజాలు లాగుతాయి, రక్తం దిగిపోయి వేళ్ళు మొద్దుబారతాయి. ఒక జబ్బు కోసం మందు వేసి ఇంకో జబ్బు తెచ్చుకున్నట్టు. సినిమా పోస్టరుకు బాగుంటుంది.

మేము చెప్పిన కొలత ఇది. బండిని నిటారుగా పట్టుకోమని ఇంకొకరికి చెప్పి, సీటు మీద మామూలుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, చేతులు హాయిగా ముందుకు పెట్టాలి. మోచేయి కొంచెం వంగి ఉండాలి. మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. అప్పుడు పిడికిలి ఎక్కడ ఆగిందో అక్కడ హ్యాండిలు పిడి రావాలి. మిత్రుడికి ఇప్పుడున్న దానికంటే నాలుగు అంగుళాల ఎత్తు, రెండు అంగుళాలు వెనక్కి అని తేలింది. కొనేటప్పుడు గొట్టం లావు చూసుకోవాలి. జపాను బళ్ళలో ఎక్కువగా 22 మిల్లీమీటర్లు, హార్లే వంటి పెద్ద క్రూయిజర్లలో 25.4. ఒకదాని స్విచ్చి పెట్టె, లీవరు ఇంకోదానికి పట్టవు.

కార్‌పార్కులో స్పానర్లు పరుచుకుని కూర్చోవడం ఇరుగుపొరుగుకు మర్యాదా కాదు, నిబంధనలకూ కుదరదు. అందుకని వర్క్‌షాపుకు తీసుకెళ్ళాం. రోజూ జొహోర్ నుంచి వంతెన దాటి వచ్చే తమిళ మేస్త్రీ ఒకాయన, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఒకడు. కుర్రాడు చురుకైనవాడు. పాత బారు విప్పి కొత్తది బిగించి, పాత కేబుళ్ళనే కొంచెం దారి మళ్ళించి తగిలించాడు. క్లచ్చి తగిలింది. యాక్సిలరేటరు తగిలింది. బ్రేకు గొట్టం బిగువుగానైనా తగిలింది. "ఎట్టుం సార్" అన్నాడు నవ్వుతూ. అందుతుంది అని. మిత్రుడి మొహం వెలిగింది. కేబుళ్ళ డబ్బు మిగిలింది, మరుసటి ఆదివారం సెరంగూన్ రోడ్డులో మన ఉగాది సభకు బండి మీదే రావచ్చు, వెనకాల అమ్మాయి!

పెద్దమేస్త్రీ టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. మాట్లాడలేదు. ఇంజను స్టార్టు చేసి, గేరు వేయకుండా అలా కొట్టుకోనిచ్చాడు. యాక్సిలరేటరు ముట్టుకోకుండా, హ్యాండిలును రెండు వేళ్ళతో మెల్లగా ఎడమకు తిప్పాడు. సగం దాకా ఏమీ లేదు. చివరంటా తిప్పేసరికి ఇంజను ర్ర్ మని లేచింది. వెనక్కి తెస్తే తగ్గింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ లేచింది. ఇంజను ఆపి కుర్రాడి వంక చూశాడు. గుండె మీద స్టెతస్కోపు పెట్టి మర్మరు వినే ప్రొఫెసరుగారు, విని ఏమీ అనకుండా పక్కనున్న విద్యార్థి చెవికి గొట్టాలు తగిలిస్తారే, అచ్చం అలాగే ఉంది.

హ్యాండిలు చివరంటా ఎప్పుడు తిప్పుతాం? ఎక్స్‌ప్రెస్‌వే మీద తిప్పం. అక్కడ ఒళ్ళు వాల్చితే బండి మలుగుతుంది. చివరంటా తిప్పేది మెల్లగా పోయేటప్పుడే. బహుళ అంతస్తుల కార్‌పార్కు మలుపులో, యూ టర్నులో, బ్లాకు కింద ఆటలాడుకునే పిల్లల పక్కన బండి నిలిపేటప్పుడు. సరిగ్గా ఆ సమయంలో, చెయ్యి ఏమీ చేయకుండానే, బండి ముందుకు దూకుతుంది. క్లచ్చి పట్టుకుందామంటే, ఆ కేబులూ పొట్టిదే అయితే, తిప్పిన వైపును బట్టి అది అప్పటికే సగం లాగి ఉంటుంది, ప్లేట్లు జారుతూ ఉంటాయి. బ్రేకు గొట్టం బిగిసి బిగిసి దాని మూతి దగ్గర చిరుగుతుంది. ఒకనాటితో కాదు, నెలల మీద. కేబులు అందుతుంది అన్న మాట హ్యాండిలు తిన్నగా ఉన్నప్పటి మాట. తిప్పినప్పుడు కూడా అందాలి, అంది ఇంకా కొంచెం వదులు మిగలాలి.

ఆ ఇల్లాలి ప్రశ్నకు జవాబు మాకు అక్కడ దొరికింది. ఈ హ్యాండిలు, ఈ పాత కేబుళ్ళతో ప్రమాదం. ఇదే హ్యాండిలు, తగిన కేబుళ్ళతో, ఇప్పటికంటే నయం. ఎందుకంటే తిమ్మిరెక్కిన వేళ్ళతో బ్రేకు పట్టడం కూడా ప్రమాదమే. చిటికెనవేలు నరం బలహీనమైతే పిడికిలి బలం తగ్గుతుంది. చొక్కా గుండీ విప్పలేని చెయ్యి, వానలో లారీ వెనక బ్రేకు ఎంత గట్టిగా పట్టగలదు?

మిత్రుడు కొంచెం పేచీ పెట్టాడు. వారం రోజులే కదా, మెల్లగా నడుపుతాను, చివరంటా తిప్పను అన్నాడు. మాత్రలు సగం కోర్సులో మానేసేవాళ్ళు చెప్పే మాట ఇదే. మేస్త్రీ ఏమీ వాదించకుండా తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. మాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది.

ఉగాది సభకు ముగ్గురూ రైళ్ళు మారి వచ్చారు. పంచాంగ శ్రవణానికి ఆలస్యమయ్యారు. పచ్చడికి మాత్రం అందారు.

కొత్త కేబుళ్ళ కొలత పురికొసతో తీశాం. కొత్త హ్యాండిలు బిగించి, లీవరు దగ్గర నుంచి కేబులు పోవలసిన దారినే పురికొస పోనిచ్చి, హ్యాండిలు ఎడమకు చివరంటా ఒకసారి, కుడికి చివరంటా ఒకసారి. రెంటిలో ఏది ఎక్కువైతే అది, ఆపైన కాస్త వదులు. ఎత్తు ఒక్కటే లెక్క వేసి నాలుగు అంగుళాలు చాలనుకుంటే చాలదు. వెనక్కి వచ్చిన రెండు అంగుళాలనూ కేబులే పూరించాలి. మాకు ఆరు తేలింది. అవి రావడానికి పది రోజులు పట్టింది.

మన విజయవాడ ఆటోనగర్‌లో అయితే టీ తాగేలోపు కేబులు చేసి ఇస్తారు గదా అన్నాడు మిత్రుడు. ఇస్తారు, నిజమే. ఆటోనగర్ చేతుల పనితనం మీద మాకు నమ్మకం ఉంది. అయినా కేబులు ప్రాణమంతా చివర ఉండే నిపిల్‌లో ఉంటుంది. తీగ పోగులను పువ్వులాగా విప్పి, ఆ విప్పిన చోట సీసం పోసి అతకాలి. విప్పకుండా ఊరికే గుచ్చి అతికిస్తే చూడడానికి తేడా తెలియదు, ఒకనాడు ఊడివస్తుంది. క్లచ్చి తెగితే బండి తోసుకుంటూ ఇంటికి పోవచ్చు. బ్రేకుకూ యాక్సిలరేటరుకూ మాత్రం పేరున్న కంపెనీ చేసిన కేబులే వేయించండి.

రెండో విడత పని ఒక పూట పట్టింది. అందులో కొన్ని సంగతులు, మీలో బండి ఉన్నవారి కోసం. హ్యాండిలును పట్టుకునే బిళ్ళల మీద చిన్న చుక్క గుర్తు ఉంటే అది ముందువైపుకు రావాలి. ముందు బోల్టులు మొదట బిగించి, తరువాత వెనకవి. కొలత కంపెనీ పుస్తకంలో ఉంటుంది, చేతి అంచనా కాదు. కొన్ని స్విచ్చి పెట్టెలకు లోపల చిన్న మేకు ఉంటుంది. దానికి హ్యాండిలులో రంధ్రం పెట్టాలి. మేకు కోసేస్తే పెట్టె తిరిగిపోతుంది. వైర్లు ఎక్కడా బిళ్ళ కింద నలగకూడదు. క్లచ్చి లీవరు కొసలో 10 నుంచి 20 మిల్లీమీటర్లు, యాక్సిలరేటరు పిడి దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్లు ఖాళీ కదలిక ఉండాలి. హోండావాళ్ళు మామూలుగా ఇచ్చే లెక్క ఇది. మీ బండి పుస్తకం వేరే చెబితే అదే వినండి.

ముందు బ్రేకు కేబులు కాదు, నూనె గొట్టం. గొట్టం మార్చినప్పుడల్లా మూతి దగ్గరి రాగి వాషర్లు కొత్తవి వేయాలి. కొత్త నూనె పోసి, గాలి బుడగ ఒక్కటి లేకుండా బయటికి తీయాలి. సెలైను ఎక్కించే నర్సమ్మకు ఈ పని చెప్పనక్కర్లేదు. తేడా ఒకటే. సెలైను గొట్టంలో చిన్న బుడగను చూసి రోగి కంగారుపడతాడు, సాధారణంగా ఏమీ కాదు. బ్రేకు గొట్టంలో చిన్న బుడగను చూసి ఎవరూ కంగారుపడరు, లీవరు మాత్రం మెత్తగా పిడిదాకా వచ్చేస్తుంది. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఈ ఊరి తేమ మీకు తెలియనిది కాదు. మూత తీసి నెలల తరబడి అల్మారాలో ఉంచిన డబ్బా వాడకండి. పెయింటు మీద పడితే పెయింటూ ఊడుతుంది. ఎ.బి.ఎస్. ఉన్న కొత్త బళ్ళకు ఈ పని ఇంట్లో పెట్టుకోకపోవడం మేలు.

అన్నీ అయ్యాక మేస్త్రీ మళ్ళీ ఇంజను స్టార్టు చేసి, ఈసారి కుర్రాణ్ణి తిప్పమన్నాడు. ఎడమకు చివరంటా, కుడికి చివరంటా. ఇంజను శబ్దంలో వెంట్రుకవాసి తేడా లేదు. యాక్సిలరేటరు తెరిచి వదిలితే ఎటు తిప్పి ఉన్నా టప్పున మూసుకుంది. ఈ పరీక్షకు స్పానరు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, ఒక్క నిమిషం పడుతుంది. స్టాండు మీద, గేరు లేకుండా చేయాలి. హ్యాండిలు మార్చనివాళ్ళు కూడా చేసుకోవచ్చు, పాత కేబులు దారి తప్పినా ఇదే లక్షణం చూపిస్తుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. బండి మీద ఏ మార్పు చేయాలన్నా ఎల్.టి.ఏ. నిబంధనలు ముందు చూసుకోవాలి, తరువాత కాదు. మూడేళ్ళు దాటిన మోటారుసైకిలుకు ఏటా తనిఖీ ఉంది. ఇన్సూరెన్సువాళ్ళకు కూడా ఒక ముక్క చెప్పి ఉంచడం మంచిది. సెలవులకు వెళ్ళి తమ్ముడి బుల్లెట్‌కు సోకులు చేయించేవారికి: అక్కడ కూడా 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. మేస్త్రీ ఒప్పుకున్నంత మాత్రాన ఆర్.టి.ఓ. ఒప్పుకున్నట్టు కాదు.

ఇప్పటికి ఆరు వారాలైంది. మిత్రుడి చేతులు మళ్ళీ చూశాం. సాయంత్రం గుండీలు విప్పుకోగలుగుతున్నాడు. ఎడమ చేతి చిటికెనవేలి కొసన మాత్రం ఇంకా కొంచెం మొద్దుతనం ఉంది. నరం తీరిగ్గా కోలుకుంటుంది, తొందరపెడితే వినదు. తువాస్ దారిలో మధ్యలో ఒకసారి ఆగి చేతులు విదిలించుకోమన్నాం, మందపాటి చేతితొడుగులు వాడమన్నాం. కాబట్టి ఈ గుణమంతా హ్యాండిలుదేనా అంటే మేము సంతకం పెట్టం. మూడు నెలల్లో ఆ వేలు మారకపోతే నరం పరీక్షకు పంపుతాం.

ఇల్లాలు మాత్రం వర్క్‌షాపు కథ అంతా విని, తనే కిందికి దిగివచ్చింది. ఇంజను స్టార్టు చేయించి, హ్యాండిలు తన చేతులతో ఎడమకూ కుడికీ తిప్పి, చెవి ఒగ్గి విన్నది. రెండుసార్లు. ఆ తరువాత అమ్మాయికి హెల్మెట్టు కొనడానికి ఒప్పుకుంది. ఇప్పుడు వాళ్ళిద్దరికీ తగువు పాత హ్యాండిలు దగ్గర. తనిఖీకి ఎప్పుడైనా అవసరం పడుతుందేమోనని ఆయన దాన్ని, పొట్టి కేబుళ్ళతో సహా, షెల్టరు గదిలో బియ్యం బస్తా వెనక దాచాడు. అక్కణ్ణుంచి తీయించడానికి కూడా ఒక డాక్టరు చీటీ కావాలట ఆమెకు.